కొల్లేటి ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నా చేతిమీదుగా నడిచిన చరిత్రే రాయడం న్యాయమనిపించింది.

1973లో కొల్లేటి అంచున ఉన్న ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగుకాల్వలు తెచ్చే వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి పంపుతుంది. వర్షాకాలంలో లంక గ్రామాలకు తాటిదోనెలే దారి. నీరుంటే చేపలు, నీరు తీస్తే వరి. అలా తరాలు గడిచాయి.

ఆ దశకంలోనే ప్రభుత్వం పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇప్పించింది. ఉద్దేశం మంచిదే. క్రమంగా అవి కౌలు పేరిట డబ్బున్నవారి చేతికి పోయాయి. సరస్సు కడుపులోనే గట్లు లేచాయి.

ఒక వేసవిలో ఆర్.ఐ. గారి వెంట తనిఖీకి వెళ్లాను. నేల నెర్రెలు విచ్చి ఉంది. "నీరు లేదు, సాగుకు అనుకూలం" అని నోటు రాయబోతుంటే ఒక ముసలి జాలరి, "బాబుగారూ, కార్తీకంలో వచ్చి చూసి రాయండి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నోటు పైకి వెళ్లింది. రెండేళ్లలో అక్కడ చేపల చెరువు గట్టు లేచింది.

1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ అంతర్జాతీయ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో గట్లు పగులగొట్టారు. పెద్దలతోపాటు పేదలూ ఉపాధి పోగొట్టుకున్నారు. తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు మునిగాయి. ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాల రోడ్లను ముంచింది. టీవీలో చూస్తుంటే ఆ ముసలాయన మాటే చెవిలో మోగింది.

సరస్సుకు వేసవి ఒక్కటే రూపం కాదు. ఎండిన నేలను చూసి ఖాళీ అనుకోవడమే మా తరం చేసిన తప్పు. మీ పిల్లలెవరైనా ఇలాంటి ఫైళ్లు చూసే ఉద్యోగంలో ఉంటే ఒక్క మాట చెప్పండి: వానల్లో కూడా వెళ్లి చూసి, ఆ తరువాతే సంతకం చేయమని.