పూటకూళ్ళయింటి బారిష్టరు

కనిగిరి తాలూకా 1970వ సంవత్సరమున నెల్లూరు జిల్లానుండి విడివడి, క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరెను. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఆ పేరు నిత్యము నోట పలుకువారిలో పలువురు ఆయనను ముఖ్యమంత్రిగానే యెరుగుదురు. అంతకుముందు పదునాలుగేండ్లు ఆయన మద్రాసు హైకోర్టులో బారిష్టరు. ఆ బారిష్టరును పెంచినది ఒక విధవరాలి వంటయిల్లు. దానిని గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి.

ప్రకాశముగారు 1872 ఆగష్టు 23వ తేదీని వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు కుమారుని బాల్యముననే గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడపి బిడ్డలను పోషించిరి. ఆ దినములలో పూటకూళ్ళమ్మ యనిన లోకమునకు లోకువ. ఆకలిగొని వచ్చి, కడుపునిండ తిని, పైకము చేతబెట్టి, వీధిలోనికి పోయి ఆ వృత్తినే చులకన చేయుదురు! విధవ యొక మూల గూర్చుండి చుట్టముల దయకై యెదురుచూచుట గౌరవమనియు, పొయ్యి రాజేసి బిడ్డలకు చదువు చెప్పించుట తక్కువతనమనియు నిర్ణయించిన పెద్దల తర్కము మాకు నేటికిని బోధపడదు. ఆమెకు తోడు ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీసిరి. వారిది వేరు కులము.

రాజమహేంద్రవరమున ప్రకాశముగారు సెకండుగ్రేడు ప్లీడరై బాగుగ నార్జించిరి; పురపాలక సంఘాధ్యక్షులును అయిరి. కాని ఆ పట్టాతో హైకోర్టున వాదించు హక్కు లేదు. వాదనాబల మెంతయున్నను పట్టాయే మనుష్యుని హద్దు. సముద్రయానము పాతకమని పలువురు తలచు కాలమున, 1904లో ఆయన సీమకు బోయి, 1907లో బారిష్టరై తిరిగివచ్చిరి.

1911 జూన్ 17వ తేదీని తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను మణియాచ్చి రైలుస్టేషనులో వాంచినాథుడు పిస్తోలుతో కాల్చి చంపి, తానును కాల్చుకొని మరణించెను. కుట్రదారులని పట్టుబడిన తక్కినవారిపై హైకోర్టున విచారణ సాగెను. దొరతనము కన్నెర్రజేసిన ఆ వ్యాజ్యములో ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో ప్రకాశముగారొకరు. హత్యను మేము మెచ్చుట లేదు. అయినను ముద్దాయి పక్షమున మాటాడువాడు లేనిచో అది విచారణ యెట్లగును?

1921లో సహాయనిరాకరణోద్యమమున ఆయన లాభసాటియైన వృత్తిని విడిచి, ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి, ఆర్జించిన ధనమును దానికి ధారవోసిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20వ తేదీని మరణించిరి. ‘నా జీవితయాత్ర’ యను స్వీయచరిత్రమును వ్రాసినపుడు తల్లి పూటకూళ్ళ వృత్తిని ఆయన దాచలేదు.