గ్రీన్ కార్డు వరుస: వెనుకటి చట్టాలు, నేటి నిరీక్షణ

మన సంఘం సమావేశాల్లో పెద్దల నోట ఒక మాట తరచు వినిపిస్తుంది. "మేము జేబులో 8 డాలర్లతో దిగి, చూస్తుండగానే స్థిరపడ్డాం. ఇప్పటి కుర్రాళ్లు పదిహేనేళ్లు గడిచినా ఇంకా వీసా గొడవలోనే ఉన్నారేమిటి?" అని. తేడా మనుషుల్లో ఉన్నదా, చట్టంలో ఉన్నదా అని తేల్చుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా గీత గీసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులు ఈ దేశపు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ రోజుల్లోనే బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లోనూ, తరువాత లెడర్లే ప్రయోగశాలలోనూ ఎన్నో మందులకు దారి చూపిన ఆ మహనీయుడు 1948లో కన్నుమూసేదాకా ఇక్కడి పౌరుడు కాలేదు. 1946లో జె.జె. సింగ్ ప్రభృతుల కృషి ఫలించి, ట్రూమన్ సంతకంతో మనవారికి పౌరసత్వపు హక్కు లభించింది. కాని కొత్తగా వచ్చేవారికి ఇచ్చిన కోటా ఏడాదికి 100 మాత్రమే!

అసలు తలుపు తెరిచింది 1965 చట్టం. ఆ అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన ఈ చట్టం 1968 జూలై నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. తూర్పు గోళార్ధంలో ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 వరకు వీసాలు ఇవ్వవచ్చునన్నది. చదువుకున్న వృత్తి నిపుణులకు మూడవ ప్రాధాన్యం అనే తరగతి పెట్టింది. ఇక్కడ వైద్యుల కొరత; అక్కడ గుంటూరు, విశాఖ, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచి ఏటేటా బయటికి వస్తున్న పట్టభద్రులు. తొలి సంవత్సరాలలో మన దేశపు వాటా నిండనే లేదు కనుక, అర్హత ఉన్నవారికి నిరీక్షణ తక్కువ. చాలామంది విమానం దిగేనాటికే శాశ్వత నివాసులు. 1976లో వైద్యుల కొరత తీరిందని కాంగ్రెసు ప్రకటించి, ఆ దారిని ఇరుకు చేసింది.

ఇక 1990 చట్టం. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి 1,40,000గా నిర్ణయించారు. భార్యాబిడ్డలు కూడా ఈ లెక్కలోనే వస్తారు. ఏ దేశంలో పుట్టినవారికైనా సుమారు 7 శాతం. ఐస్‌లాండ్‌కూ అంతే, ఇండియాకూ అంతే. అదే చట్టం హెచ్-1బి వీసాలకు 65,000 పరిమితి పెట్టింది గాని, అందులో దేశాలవారీ వాటా పెట్టలేదు. పైగా తాత్కాలికంగా వచ్చినవారు ఇక్కడే స్థిరపడాలనుకోవడం తప్పు కాదన్నది. 2004లో ఇక్కడ పై చదువులు చదివినవారికి మరో 20,000 కలిపారు. అంటే లోపలికి వచ్చే ద్వారం విశాలం, స్థిరపడే ద్వారం ఇరుకు. మధ్యలో నిలిచిపోయినవారే మన ఇంజనీర్లు. ఆరేళ్ల గడువు దాటినా వరుసలో నిలబడవచ్చునని 2000 సంవత్సరపు చట్టం వెసులుబాటు ఇచ్చింది గాని, వరుసను తగ్గించలేదు.

ఈ నిరీక్షణ భారం ఎక్కువగా పడేది పిల్లల మీద. రెండేళ్ల వయసులో వచ్చి, ఇక్కడి బడిలోనే చదివిన బిడ్డకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులో చోటు పోతుంది. 2002లో వచ్చిన రక్షణ చట్టం దరఖాస్తు పరిశీలనకు పట్టిన కాలాన్ని వయసులోంచి తీసివేస్తుంది గాని, కోటా కోసం వేచిన ఏళ్లను తీసివేయదు. ఆ బిడ్డ మళ్లీ విద్యార్థి వీసా వెతుక్కోవాలి, లేదా తనకు గుర్తులేని ఊరికి తిరిగి వెళ్లాలి.

కనుక ముందు వచ్చినవారిది అదృష్టమనీ, వెనుక వచ్చినవారిది చేతకానితనమనీ అనుకోనక్కరలేదు. ఇద్దరి చదువూ ఒకటే, కష్టమూ ఒకటే; పుట్టిన దేశాన్ని చట్టం లెక్కించిన తీరు వేరు. 1946లో హక్కు దానంతట అది రాలేదు, అడిగినవారుండబట్టి వచ్చింది. నేడు మనలో ఓటున్నవారు వేలకొద్దీ ఉన్నారు. వరుసలో ఉన్నవారికి ఓటు లేదు. వారి మాట కాంగ్రెసు సభ్యులకు వినిపించవలసిన బాధ్యత ఓటున్నవారిదే.