చెరువు చేప, నది వరద

రాయ్‌పూర్ చెరువుల ఊరు. బూఢా తలాబ్, తేలీబాంధా వంటి పాత చెరువులు నేటికీ అక్కడ మీకు కనిపిస్తాయి. ఇటువంటి నిలవనీటి చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలను వదిలితే చక్కగా పెరుగుతాయి. ఆడచేప కడుపులో గుడ్లు కూడా తయారవుతాయి. కానీ అక్కడ అది గుడ్లు పెట్టదు. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరును ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ మూడు చేపలనూ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపలపై ప్రచురించిన గ్రంథంలో వర్ణించాడు. వాటి రాకపోకలు జాలర్లకు అనుభవంతో తెలుసు. వానాకాలపు వరదకు ఎదురీదిన చేపలు, నీరు పొంగి పరుచుకున్న లోతు తక్కువ చోట్ల గుడ్లు విడుస్తాయి. ప్రవాహంలో కొట్టుకువచ్చే పిల్లలను గరాటు వంటి వలలతో పట్టి చెరువులకు అమ్మేవారు. వాటిలో ఇతర చేపలను తినే జాతుల పిల్లలూ కలిసేవి. వరద సరిగా రాని ఏడు విత్తనం కరువయ్యేది.

చెరువులో వరద సంకేతం లేదు. అందువల్ల మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి గుడ్లను విడిపించే హార్మోను తగినంత వెలువడదు. గ్రంథి సారాన్ని చేపలకు ఎక్కించే ప్రయోగాన్ని 1930లో అర్జెంటీనాలో బెర్నార్డో హూస్సే చేశాడు. మన దేశపు పెద్ద చేపలలో ఆ పద్ధతిని 1957లో కటక్ పరిశోధన విభాగానికి చెందిన హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి సఫలం చేశారు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నాం. కొల్లేరు ప్రాంతపు చేపల చెరువులు విస్తరించడానికి ఈ విత్తనమే ఆధారమైంది.

అదే 1957 జనవరిలో మహానదిపై హీరాకుడ్ ఆనకట్ట ప్రారంభమైంది. రాయ్‌పూర్ పక్కన పారే ఖారూన్ శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి. కటక్ ఆ మహానది ఒడ్డునే ఉంది. అంటే ఒకే నదిపై చెరువు చేపకు విత్తనం దొరికింది, నది చేపకు దారి మూసుకుపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదులలో, జలాశయాలలో చేపల వేట నిషేధం. నదీ వాగులతో సంబంధం లేని చిన్న చెరువులకు ఆ నిషేధం వర్తించదు. చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో ఈ నియమమే మీకు చెబుతుంది. ఇది చెరువు రైతుకూ మేలే. తరతరాలుగా ఒకే తల్లిచేపల సంతతిని వాడితే విత్తనం బలహీనపడుతుంది. అప్పుడు కొత్త తల్లిచేపల కోసం మళ్లీ నదికే వెళ్లాలి.