తాతగారి ఉత్తరం మీద ఆస్పత్రి బిళ్ళ

మా అబ్బాయి ఒక ఆదివారం నా పాత స్టాంపుల పుస్తకం తిరగేస్తూ, "నాన్నా, ఇది చాలా పాతది కదా, అమ్మితే ఎంత వస్తుంది?" అని అడిగాడు. ఈ దేశంలో పుట్టిన పిల్లవాడి ప్రశ్న అనుకుని నవ్వుకున్నాను. తరవాత గుర్తొచ్చింది, పదేళ్ళ వయసులో హనుమకొండలో మా తాతగారిని నేనూ అదే అడిగాను.

వాడు చూపించింది గోధుమ, బూడిద రంగుల్లో అడ్డంగా ఉండే తపాలా బిళ్ళ. వెల 8 పైలు (అణాకు 12 పైలు). బొమ్మ ఉస్మానియా జనరల్ ఆస్పత్రి. నేను హౌస్ సర్జన్సీ చేసిన చోటు కనుక గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలు 1937 ఫిబ్రవరిలో జరిగినప్పుడు నిజాం ప్రభుత్వం నాలుగు బిళ్ళలు వేసింది. 4 పైల దాని మీద యునానీ ఆస్పత్రి, అణా మీద విశ్వవిద్యాలయం, రెండణాల మీద జూబిలీ హాలు. నాలుగింట్లో రెండు ఆస్పత్రులే కావడం వైద్యుడిగా నాకు కాస్త గర్వం.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తరవాత నదీతీరాన కొత్తగా లేచిన కట్టడాల్లో ఈ ఆస్పత్రి ఒకటి. రూపకల్పన చేసినవాడు విన్సెంట్ ఎష్. ఎదుటి ఒడ్డున ఉన్న హైకోర్టు కూడా ఆయనదే. వరద తరవాత పుట్టిన ఆ భవనంలోకే 2020 జులైలో వాననీరు వచ్చి, రోగులను వేరే బ్లాకులకు తరలించారన్న వార్త ఇక్కడ కూర్చుని చదివాను.

నిజాం బిళ్ళలు సంస్థానం లోపలే చెల్లేవి. హైదరాబాదు నుంచి బెజవాడకు ఉత్తరం వెయ్యాలంటే ఇంగ్లీషువారి ఇండియా బిళ్ళ అంటించాల్సిందే. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్ళ మధ్య అలా ఉండేది వ్యవహారం! 1950లో సంస్థానపు తపాలాశాఖ భారత తపాలాశాఖలో కలిసిపోయింది.

ఇక ధర సంగతి. వాడిని వెంటబెట్టుకుని ఒక స్టాంపుల ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడి వ్యాపారి ముందు బిళ్ళను తిరగేసి, వీపు ఎక్కడైనా పల్చబడిందా అని చూశాడు. తరవాత అంచు పళ్ళు విరగలేదు కదా అని చూసి, రెండు సెంటీమీటర్లకు ఎన్నున్నాయో కొలిచాడు. కేటలాగులో వేసే ధర మచ్చలేని బిళ్ళకు. వాడిన మామూలు బిళ్ళకు అందులో పదోవంతు వచ్చినా గొప్పే. "పావు డాలరు" అన్నాడు. మావాడి ముఖం చిన్నబోయింది. ఆయన ఊరుకోకుండా, "కవరు ఉందా? కవరు మీద ఉంటే విలువ వేరు" అన్నాడు.

కవరు లేదు. మా తాతగారు పట్నంలో చదువుకుంటూ హనుమకొండలోని వాళ్ళ నాన్నగారికి రాసిన ఉత్తరాలవి. నేను ఆ కవర్లను గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, బిళ్ళలు ఊడదీసి, మిగిలింది పారేశాను. ఎవరూ కోప్పడలేదు. పైగా "చక్కగా ఊడదీశాడు" అన్నారు.

తాతగారికి ఉత్తరం మీద తేదీ వేసే అలవాటు లేదు. ఒక ఉత్తరంలో, తమ్ముడికి జ్వరం తగ్గడం లేదని, కంగారు పడవద్దని రాశారు. ఆ చిన్నతాతగారు టైఫాయిడుతో పట్నంలోనే పోయారు. టైఫాయిడుకు సరైన మందు అప్పటికి ఇంకా రాలేదు. మా ఇంట్లో ఏటా ఆయన తద్దినం పెడతారు కనుక తిథి అందరికీ తెలుసు. ఏ సంవత్సరమో తెలిసినవాళ్ళు మాత్రం ఎవరూ మిగలలేదు. కవరు ఉండి ఉంటే దాని మీది ముద్ర చెప్పేది.

బిళ్ళ చెప్పేది ఒక్కటే: అది అంటించిన ఉత్తరం 1937 ఫిబ్రవరికి ముందుది కాదు. అది ఏ ఉత్తరమో మరి! బిళ్ళ మూల మీద తపాలా ముద్ర వంపు కొంచెం మిగిలింది. మావాడు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఒక అంకె ఉందన్నాడు. నాకు అది 7లా కనిపిస్తుంది. వాడు 1 అంటాడు.