చారిత్రక ఆధారాల భద్రత: హార్డ్ డిస్క్ లోపాలను గుర్తించడం

సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శాసనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. రాయి అరిగితే కంటికి తెలుస్తుంది. కాని 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం గురించి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వృద్ధుల నోట విన్న సంగతులను రికార్డు చేస్తే, అవి చేరేది హార్డ్ డిస్కుల్లోకే. ఆ తరంలో అత్యధికులు ఇప్పుడు లేరు. పోయిన రికార్డింగును మళ్ళీ చేయలేము. అందువల్ల ఇంటి సర్వర్‌లోని డిస్క్ నిజంగా పాడవుతున్నదా అని తెలుసుకోవడం చరిత్ర విద్యార్థికీ అవసరమే.

1956లో ఐబీఎం ప్రవేశపెట్టిన ర్యామాక్‌తో హార్డ్ డిస్క్ చరిత్ర మొదలైంది. దాని 50 గుండ్రటి పలకలు కలిసి సుమారు 50 లక్షల అక్షరాలను నిల్వచేసేవి. 1988లో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 'రెయిడ్' పద్ధతిని ప్రతిపాదించారు. ఇందులో ఒక డిస్క్ పోయినా మిగిలినవాటి నుంచి సమాచారాన్ని తిరిగి పొందవచ్చు. డిస్క్ తన స్థితిని తానే నమోదు చేసుకొనే 'స్మార్ట్' పద్ధతి 1990ల మధ్యలో వచ్చింది.

ఈ నమోదును శాసనంలాగే విమర్శనాత్మకంగా చదవాలి. రీఅలొకేటెడ్ సెక్టార్లు అంటే పాడైన చోట్లకు బదులుగా డిస్క్ వాడుకొన్న చోట్లు. పెండింగ్ సెక్టార్లు అంటే చదవడం కష్టమైన చోట్లు. ఈ సంఖ్యలు వారం వారం పెరుగుతుంటే డిస్క్ క్షీణిస్తున్నట్లే. సీఆర్‌సీ లోపాలు మాత్రమే పెరిగితే తప్పు సాధారణంగా కేబుల్‌ది. రెండు మూడు డిస్కులు ఒకేసారి కనిపించకుండా పోతే ముందుగా పవర్ సప్లైని, కంట్రోలర్‌ను పరీక్షించాలి.

2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల అధ్యయనాన్ని ప్రచురించారు. మొదటి స్కాన్ లోపం కనిపించిన డిస్క్ తరువాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, ఆ లోపం లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువ. అయితే పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా, నాలుగు ముఖ్య సూచికల్లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. కాబట్టి హెచ్చరిక కనిపిస్తే నమ్మాలి; కనిపించనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఆధారం దొరకనంత మాత్రాన సంఘటన జరగలేదని చెప్పలేమన్నది చరిత్ర రచనలోనూ మనం పాటించే సూత్రమే.

అనుమానం కలిగితే మరమ్మతుకంటే ముందు కాపీ తీయాలి. రెయిడ్ కాపీకి ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున చెరిపిన ఫైలు అందులోనూ చెరిగిపోతుంది. సూర్యాపేటలోని సమాచారానికి ఒక ప్రతి మిర్యాలగూడలోనో కోదాడలోనో ఉండాలి. తాళపత్రాలు శిథిలమైనా కావ్యాలు మనకు దక్కింది లేఖకులు మళ్ళీ మళ్ళీ ప్రతులు రాసినందువల్లనే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: స్మార్ట్ నమోదులో ఏ లోపమూ లేని డిస్క్‌కు కూడా కాపీ ఎందుకు అవసరం?