మందు ఎంతసేపు పనిచేయును?

రేపల్లెకు తూర్పున నున్న పెనుమూడి రేవులో నిలిచి చూచినచో, కృష్ణానది కడలిని చేరు తొందరలో నున్నట్లు తోచును. వరద నీరు కొన్ని దినములలోనే ఆ తీరము దాటిపోవును. విజయవాడ కడ 1855లో ఆనకట్ట కట్టి, నీటిని కాలువలకు కొలతతో వదలుటచేతనే డెల్టాలో పంటకాలమంతయు చేలకు తడి అందినది. మన మిప్పుడు చెప్పుకొనబోవు ఔషధముల చరిత్రయు ఇట్టిదే.

ఏకాగ్రత కుదురక, నిలుకడలేక బాధపడు బాలలకు ఉత్తేజక ఔషధము మేలుచేయునని 1937లో వెల్లడియైనది. అమెరికాలోని ఈస్ట్ ప్రావిడెన్సున చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు బెంజిడ్రిన్ ఇచ్చి చూడగా, పలువురు బాలలు చదువుపై శ్రద్ధ నిలిపిరి. 1944లో స్విట్జర్లాండులోని సీబా సంస్థయందు పానిజ్జాన్ అను శాస్త్రజ్ఞుడు మిథైల్‌ఫెనిడేటును తయారుచేసెను. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరునుండియే దానికి రిటాలిన్ అను పేరు వచ్చినది.

అయితే ఆ మాత్ర పని మూడు నాలుగు గంటలే. ఉదయము మందు పుచ్చుకొన్న బాలుడు మధ్యాహ్నము బడిలో, తోటివారి ఎదుట, మరల మాత్ర మింగవలసివచ్చెడిది. మింగిన నగుబాటు, మరచిన పాఠము సాగదు.

ఈ చిక్కు తీర్చుటకు పలు మార్గములు వెదకిరి. 1952లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచి సంస్థ ‘స్పాన్స్యూల్’ అను గొట్టపుమాత్రను తెచ్చినది. అందు వందలకొలది చిన్న గుళికలు; ఒక్కొక్కదాని పైపూత ఒక్కొక్క మందము. పలుచనివి ముందు, దళసరివి తరువాత కరగును. మిథైల్‌ఫెనిడేటు విషయమున మరియొక మర్మము బయటపడినది. దినమంతయు ఒకే పాటిగా అందించినచో, పొద్దు వాలునప్పటికి మందు పట్టు సడలుచున్నది; కావున మోతాదు క్రమముగా హెచ్చుచుండవలెను. 2000లో అమెరికాలో అనుమతి పొందిన కన్సెర్టా ఆ సూత్రముపైననే రూపొందినది. పైపూతలోని 22 శాతము మందు తొలిగంటలో పనిచేయును. పిమ్మట మాత్రలోనికి నీరు ఇంకి, లోపలి పొర ఉబ్బి, మిగిలిన మందును సన్నని రంధ్రముగుండ నెట్టును. పని దాదాపు 12 గంటలు. 2007లో వచ్చిన లిస్‌డెక్సాంఫెటమిన్‌ది వేరొక దారి: రక్తములోని ఎఱ్ఱకణములు దానిని విడగొట్టినపుడే అది మందగును.

ఈ గంటలు అందరికిని ఒక్కటి కావు. ఇట్టి కన్సెర్టా మాత్రను నమలరాదు, నూరరాదు. గండి పడిన కాలువవలె మందంతయు ఒక్కసారి వెలువడును. ప్రొద్దెక్కి వేసికొన్నచో రాత్రి నిద్ర చెడవచ్చును. ఇవి మనదేశమున 1985 నాటి చట్టపు కట్టడిలోనివి. వైద్యుని చీటి లేక పుచ్చుకొనరాదు.

సాయంకాలము మందు దిగు వేళ బిడ్డ చిరచిరలాడినచో మన మది మొండితనమనుకొని దండింతుము. ఏ గంటకు మందు మొదలైనదో, ఏ గంటకు తీరినదో వ్రాసి వైద్యునికి చూపుట మేలు. కాలువ కట్టినవేళ చేను ఎండినచో, తప్పు చేనిది కాదుగదా!