విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు: క్రియ లేని నినాదంలో భావజాలం

ఉద్యమ నినాదాల మీద మన దగ్గర జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ప్రాస దగ్గరే ఆగిపోయింది. ఉక్కుకు హక్కు కలిసింది కాబట్టే ఈ నినాదం నిలిచిందని ఒక సీనియర్ ఆచార్యులు సదస్సులో తేల్చేశారు. ఆ తీర్పుతోనే నా పేచీ. ప్రాస కుదిరిన నినాదాలు వందల్లో పుట్టాయి, ఏడాది తిరక్కుండానే మాసిపోయాయి. ఇదొక్కటే 1966 నుంచి నేటిదాకా అక్షరం మారకుండా ఎలా నిలిచింది?

నా అనుమానం కూర్మన్నపాలెం దీక్షా శిబిరం దగ్గర మొదలైంది. 2021 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కు కర్మాగారంలో తన నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక వెలసిన శిబిరం అది. అక్కడ వినిపించే నినాదాల్లో ‘ఆపాలి’, ‘కాపాడుకుందాం’, ‘అమ్మొద్దు’ లాంటి క్రియలు వచ్చి పోతుంటాయి. నడుమ నిలిచే నినాదానికి మాత్రం క్రియ లేదు. మైకు పట్టినవాళ్లు ‘విశాఖ ఉక్కు’ అంటారు. ‘ఆంధ్రుల హక్కు’ అని జనం పూర్తి చేస్తారు. ఉద్దేశ్యం నాయకుడి నోట, విధేయం జనం నోట. ప్రకటన చేసేది జనమే.

‘విశాఖకు ఉక్కు కర్మాగారం ఇవ్వాలి’ అని ఉంటే ఏమయ్యేదో చూడండి. ఇచ్చేవాడొకడు ఆ వాక్యంలోకి వచ్చి కూర్చునేవాడు. అతను ‘ఇస్తాం’ అనవచ్చు, ‘చూద్దాం’ అనవచ్చు, ‘నిధుల్లేవు’ అనవచ్చు. క్రియారహిత వాక్యంలో ఆ కుర్చీయే లేదు. దాన్ని కాదనాలంటే ‘ఆంధ్రుల హక్కు కాదు’ అని నోరు తెరిచి అనాలి. ఓట్లడిగే ఏ పార్టీ అయినా ఆ మాట విశాఖలో నిలబడి అనగలదా? కాలసూచన లేకపోవడం మరో బలం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమకారుడు అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు, నవంబరు 1న విశాఖలో ఉద్యమకారుల మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు, కర్మాగారం ఇంకా లేదు. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. నాడు లేనిదాన్ని హక్కు అన్న వాక్యమే నేడు ఉన్నదాన్ని నిలుపుకోవడానికి పనికొచ్చింది. ‘సాధిస్తాం’ అని ఉంటే 1971 శంకుస్థాపనతోనే దాని పని అయిపోయేది.

ప్రభుత్వ భాష దీనికి సరిగ్గా ఎదురు. ‘వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ’లో అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు, అమ్ముడుపోయే వస్తువూ కనబడదు. శిబిరంలో దాన్ని ఒక్క ముక్కలో ‘అమ్మకం’ అంటారు. కాగితాల మీద సంస్థ పేరు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్. గాజువాకలో ఆ పేరుతో దారి అడిగితే ఎందరు చెబుతారు? ఉక్కు మన సొంత మాట. హక్కు అరబ్బీ నుంచి వచ్చి భూమి కాగితాల్లో స్థిరపడిన మాట. కర్మాగారాన్ని పొలంలాగా, తరతరాల ఆస్తిలాగా చూసే చూపు ఆ జంటలోనే ఉంది. ప్రాసవాదం ఆ చూపును చెవితో విని వదిలేసింది.

కర్మాగారానికి భూములిచ్చి, పునరావాస (ఆర్) కార్డులతో ఉద్యోగాల కోసం ఎదురుచూసిన నిర్వాసితులకు ‘ఆంధ్రుల’ అన్న షష్ఠి తమ ‘మా’ను మింగేసినట్టు అనిపిస్తుందన్నదీ నిజమే. అయినా ఈ పోరాటంలో జనం అర్జీ భాష విడిచి హక్కు భాష పట్టింది ఈ వాక్యంతోనే అని నా నిర్ధారణ.

2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. దాన్ని చెప్పే వాక్యాల్లో మళ్లీ ఇచ్చేవాడే కర్త. ఈ దశ నినాదాలను ఇప్పుడే సేకరించాలి. 1966 నాటి కరపత్రాలు, ఊరేగింపు ఫొటోలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే దయచేసి చెదల పాలు కానివ్వకండి, దగ్గరలోని గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.